మెట్ల కింద గదిలో దగ్గు

ఆ గదికి మంచి పేరు లేదు.

పాత బిల్డింగు. నేల కిందికి దిగే మెట్లు, మెట్ల చివర ఇనప తలుపు, తలుపు వెనక కిటికీ లేని గది. పగలు ఎవరైనా వెళ్తారు, వస్తారు. చీకటి పడ్డాక మాత్రం... అటువైపు ఎవరూ చూడరు.

ఒకప్పుడు అందులో గడియారాలు బాగుచేసే పెద్దాయన ఉండేవాడట. పొద్దస్తమానం సిగరెట్టు, పొద్దస్తమానం దగ్గు. ఒకరోజు ఉన్నట్టుండి కనపడకుండా పోయాడు. "మనిషి పోయాడండీ," అనేవాడు వాచ్‌మన్ గొంతు తగ్గించి, "దగ్గు మాత్రం ఇక్కడే ఉండిపోయింది."

ఆ మాట విని నవ్వినవాళ్ళున్నారు. చీకటి పడేదాకా ఆ గదిలో కూర్చున్నాక నవ్వినవాళ్ళు లేరు.

అలాంటి గదిని, బయటి చప్పుళ్ళు వినపడవు కదా అని తీసుకుని, రికార్డింగ్ స్టూడియో పెట్టారు ఒక అక్కా బావా. కథలూ పుస్తకాలూ చదివించి రికార్డు చెయ్యడం వాళ్ళ వ్యాపారం. రికార్డయినదాన్ని శుభ్రం చేసేది చెల్లెలు. అంటే, అక్కకి చెల్లెలు, బావకి మరదలు. ఊపిరి చప్పుళ్ళు, కుర్చీ కిర్రులు, నాలుక తడబాట్లు... బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి పారేస్తుంది. ఈ సంగతంతా జరిగింది ఆ చెల్లెలికే.

దగ్గు ఆమెకీ వినపడింది. సాయంత్రం చేసిన ఒక రికార్డింగులో, వాక్యానికీ వాక్యానికీ మధ్య, ఎక్కడో దూరంగా... ఖళ్ళు ఖళ్ళుమని. చదివిన మనిషి దగ్గలేదు. ఆమె దగ్గలేదు. ఆ ముక్క కత్తిరించేసి, ఆ రోజు నుంచీ దీపాలు పెట్టే వేళకల్లా ఇంటికి చేరడం మొదలుపెట్టింది. దెయ్యాల్ని నమ్మి కాదట. తొందరగా ఇల్లు చేరితే ఆరోగ్యమట.

ఇక బావ సంగతి. ఆయనకి కంప్యూటరంటే ప్రాణం. కంప్యూటరుకి బావంటే ప్రాణగండం.

ఆ సాయంత్రం చెల్లెలు టీ తాగి వద్దామని పైకి వెళ్ళింది. అంతే. స్టూడియో కంప్యూటరు తెర మీద ఒక మూల చిన్న నోటీసు... "కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది." బావ అలాంటి నోటీసుని చూసి ఊరుకున్న పాపాన ఏనాడూ పోలేదు. నొక్కేశాడు. తెరంతా నల్లబడి మధ్యలో తెల్లగీత పాకడం మొదలైంది. కింద ఎర్రక్షరాలు: పూర్తయ్యేవరకు కరెంటు తీయరాదు.

గీత సగం దాకా వచ్చింది.

అప్పుడు... వెనకనుంచి...

ఖళ్ళు.

బావ లేచాడు. లేవడంలో కాలికి వైరు తగులుకుంది. ప్లగ్గు ఊడింది. కంప్యూటరు ఠక్కున ఆగిపోయింది. బావ ఆగలేదు.

చెల్లెలు తిరిగొచ్చేసరికి ఆయన మెట్ల పైన గోడకి ఆనుకుని ఆయాసపడుతున్నాడు.

"ఏం చేశారు బావా?"

"నేనేం చెయ్యలేదు. ఆయనే చేశాడు."

"ఎవరు?"

"దగ్గాయన."

ఆమె ఒక్క ఉదుటున కిందికి పరుగెత్తి ప్లగ్గు పెట్టి బటన్ నొక్కింది. లోపలి ఫ్యాను గొంతెత్తి అరిచింది. ఆగింది. మళ్ళీ అరిచింది. ఆగింది. తెర మాత్రం అమావాస్య. నోట్లో గుడ్డలు కుక్కినవాడు ఏదో చెప్పబోయి చెప్పలేకపోతున్నట్టుంది ఆ వాలకం.

బటన్ నొక్కగానే నేనెవర్ని, నాకు కళ్ళెక్కడ, చేతులెక్కడ అని కంప్యూటరు గుర్తుచేసుకోవడానికి లోపల బోర్డు మీద ఒక చిప్పు ఉంటుంది. ఆ చిప్పులో రాసి ఉండేదే ఫర్మ్‌వేర్. పాతది చెరిపేసి, కొత్తది సగం రాసి, కలం లాగేశాడు బావ. ఇప్పుడది తానెవరో మరిచిపోయింది.

పోతే పోయిందిలే, కొత్తది కొందాం అనుకోవడానికి లేదు. అందులో లెక్కల టీచరుగారి గొంతు ఉంది.

రిటైరైన టీచరు. కూతురికి ఏడో నెల. ఆవిడ గొంతులో ఏదో గడ్డ. ఆపరేషన్ చేస్తే ప్రాణానికి ఢోకా లేదు, మాట మాత్రం తిరిగి రాదన్నారు డాక్టర్లు. రేపు మధ్యాహ్నమే ఆస్పత్రిలో చేరాలి. "మనవరాలో మనవడో వచ్చేసరికి నా దగ్గర కథలుంటాయి, గొంతుండదు. ఇక్కడ దాచిపెట్టి వెళ్తున్నానమ్మా, జాగ్రత్త," అంది ఆవిడ. కాపీ తియ్యడం ఎడిటింగంతా అయ్యాక చూద్దాంలే అని వాయిదా వేసింది చెల్లెలే. పోనీ డిస్కు ఊడదీసి వేరే కంప్యూటరులో పెడదామంటే, భద్రత పేరుతో బావ దానికి తాళం బిగించాడు. ఆ తాళం తెలిసింది ఈ బోర్డుకొక్కదానికే.

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవడానికి టైము లేదు.

కింద ఫోనుకి సిగ్నల్ లేదు. మెట్లెక్కి పైకొచ్చి, బోర్డు తయారుచేసిన కంపెనీవాళ్ళ సూచనలు వెతికింది. దారుంది! ఫర్మ్‌వేర్ ఫైలుని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, కంప్యూటరు వెనక గీత గీసి ఉన్న కంతలో గుచ్చి, పక్కనున్న చిన్న బటన్ నొక్కి పట్టుకోవాలి. లైటు మిణుకుమిణుకుమంటుంది. మిణికి మిణికి ఆరిపోతే పని అయినట్టు. మధ్యలో కరెంటు పోతే మాత్రం... ఇక బోర్డు మీద ఆశ వదులుకోవడమే.

బావ తన ల్యాప్‌టాప్‌లో ఫైలు దింపి పెన్‌డ్రైవ్ చేతికిచ్చాడు. "నువ్వెళ్ళు మరదలా. నేను ఇక్కడ కాపలా ఉంటా."

"దెయ్యం కిందుంటే మీరు పైన కాపలా ఏమిటి బావా?"

"పైకి రాకుండా."

ఆమె దిగింది. గుచ్చింది. నొక్కింది. లైటు కాస్త మిణికి, కన్ను తెరిచి చచ్చిపోయినట్టు అలాగే నిలిచిపోయింది. కుదరలేదన్నమాట.

మళ్ళీ మెట్లు. మళ్ళీ సూచనలు. ఫైలు పేరు అక్షరం పొల్లు పోకుండా వాళ్ళు చెప్పినట్టే ఉండాలట. పెన్‌డ్రైవ్ తెరిచి చూస్తే పేరు చివర ఒకటంకె వేలాడుతోంది.

"ఇదేంటి బావా?"

"ఒకసారి దింపితే సరిపోతుందో లేదోనని రెండోసారి కూడా దింపాను."

అక్క మొగుడు కాబట్టి బతికిపోయాడు. ఆమె ఆ తోక కత్తిరించి పేరు సరిచేసి మూడోసారి కిందికి దిగింది. అప్పటికి బయట పూర్తిగా చీకటి పడిపోయింది.

నొక్కింది. లైటు మిణికింది... మిణికింది... మిణుకుతూనే ఉంది.

హమ్మయ్య అనుకుందో లేదో, ప్లగ్గులోంచి చిటపటమని శబ్దం. బావ కాలి ధాటికి ప్లగ్ పాయింటు వదులైపోయింది. చెయ్యి వదిలితే ఊడేలా ఉంది. ఆమె నేల మీద చతికిలబడి రెండు చేతులా దాన్ని గోడకి అదిమి పట్టుకుంది. ఇక లేవడానికి లేదు. కదలడానికి లేదు.

గదంతా నిశ్శబ్దం.

ఖళ్ళు... ఖళ్ళు.

తలమీదే. ఈసారి వాసన కూడా... సిగరెట్టు వాసన.

పారిపొమ్మని కాళ్ళు అంటున్నాయి. చేతులు మాత్రం ప్లగ్గు వదల్లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, ఉన్న ధైర్యమంతా గొంతులోకి తెచ్చుకుంది.

"తాతగారూ... మీకు దణ్ణం పెడతాను. చేతులు ఖాళీ లేవు, మనసులోనే పెడుతున్నాను. కాసేపు ఆగండి... ఈ ఒక్క పనీ కానివ్వండి..."

దగ్గు ఠక్కున ఆగింది.

పైనుంచి సన్నగా, వణుకుతూ, ఓ మగగొంతు... "ఎ... ఎవరది?"

దెయ్యమే ఎవరని అడిగితే ఏం చెప్పాలి! "నేనండీ... కింద గదిలో ఉండేదాన్ని."

"అమ్మా... కథలు... కథలు చెప్పేది మీరేనా?"

"అవునండీ... ఇక్కడేనండీ."

"మీరు... పోయి... ఎన్నాళ్ళయింది?"

"ఇంకా పోలేదండీ," అంది చెల్లెలు లైటు వైపే చూస్తూ. "ఈ దీపం ఆరగానే పోతాను."

పైన ఏదో ధడాలున పడింది. ఆ తర్వాత, గోడల్లోంచి వస్తున్నట్టుగా, ఏడుపుగొంతుతో ఆఖరి ప్రశ్న...

"పోయేముందు... ఏనుగు... ఏనుగు ఏమైందో చెప్పండమ్మా..."

ఆమెకి ఏమీ అర్థం కాలేదు. సరిగ్గా అప్పుడే లైటు ఆరింది.

కాసేపు తెర అలాగే చీకటి. కీచుమని ఒక కూత. ఫ్యాను అరిచింది... ఆగలేదు. తెర తెల్లబడింది. కంప్యూటరుకి తానెవరో గుర్తొచ్చింది!

ఆమె కెవ్వున అరిచింది, సంతోషం పట్టలేక. దానికి జవాబుగా మెట్లమీద రెండు మగగొంతులు కెవ్వుమన్నాయి, భయం పట్టలేక. ఇనప తలుపు తోసుకుని బావ లోపలికొచ్చి పడ్డాడు. ఆయన మీద ఓ తెల్లటి ఆకారం పడింది. తెల్లకోటు. ముఖానికి మాస్కు.

ప్లగ్గుని వీపుతో అదిమి పెట్టి, చేతికందిన హెడ్‌ఫోన్లు ఎత్తింది చెల్లెలు. "ఎవరు నువ్వు!"

"పళ్ళ డాక్టర్నమ్మా!" అంది ఆకారం. "పైన క్లినిక్కు... పారిపోతూ మెట్ల దగ్గర ఈయన్ని గుద్దుకున్నా... కొట్టకండి!"

మంచినీళ్ళు తాగాక నిజం బయటపడింది. డాక్టరుగారు సిగరెట్టు మానేశానని భార్యకి మాటిచ్చాడు. పేషెంట్లందరూ వెళ్ళాక క్లినిక్కు బాత్రూములో స్టూలెక్కి, గాలి గొట్టం దగ్గర నోరు పెట్టి, రోజూ దొంగతనంగా కాలుస్తున్నాడు. ఆ గొట్టం నేరుగా దిగేది స్టూడియోలోకే. ఆ గొట్టంలోంచే ఆయనకి ఓ ముసలావిడ గొంతు వినపడుతోంది. కిందున్నది తాళం వేసిన పాడు గది అనే ఆయన నమ్మకం. మొదట్లో భయపడ్డాడు. తర్వాత... కథలు బాగున్నాయి.

"ఎక్కడా ఆగలేదమ్మా, ఏనుగు దగ్గరే ఆగిపోయింది," అన్నాడు. "పాపం, ఊరు దాటిపోదామని చెక్కవంతెన మీద కాలు పెట్టింది. వంతెన కిర్రుమంది. అంతే! నాలుగు రోజుల్నుంచి దాని కాలు అలాగే ఉంది. నాకు నిద్ర లేదు."

"స్పీకర్లో పెట్టుకుని అక్కడిదాకానే ఎడిట్ చేశానండీ," అంది చెల్లెలు.

"మరి గడియారాల ఆయన దెయ్యం?" అన్నాడు బావ, ఇంకా తలుపు పట్టుకునే.

"ఆయనకేం, దివ్యంగా ఉన్నాడు. కొడుకు దగ్గరికి మారిపోయాడు. మొన్నే నా దగ్గర కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు." డాక్టరుగారు గొంతు తగ్గించాడు. "సిగరెట్టు సంగతి మా ఆవిడకి..."

"చెప్పం," అంది చెల్లెలు, రికార్డింగులు ఒక్కొక్కటే తెరిచి చూసుకుంటూ. అన్నీ ఉన్నాయి. ఆ పూటే అన్నిటికీ కాపీలు తీసేదాకా అక్కణ్ణుంచి లేవలేదు. ప్లగ్గు బావ చేత పట్టించింది.

మర్నాడు పొద్దున్నే ఆస్పత్రి సంచీతో టీచరుగారు వచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని తన గొంతు తాను వింది. ఏనుగు కథ దగ్గర మొహం చిట్లించింది.

"ఇక్కడ తొందరపడ్డానమ్మా. వంతెన దాటేటప్పుడు నిదానంగా చెప్పాలి. ఒక్కసారి మళ్ళీ చెప్తాను. మధ్యాహ్నం దాకా గొంతు నాదేగా."

మైకు ముందు కూర్చుంది. పైన డ్రిల్లు గుయ్యిమంటోంది. చెల్లెలు గాలి గొట్టం దగ్గర నోరు పెట్టి, "డాక్టరుగారూ, ఏనుగు!" అంది.

డ్రిల్లు ఆగిపోయింది.

"ఎవరమ్మా పైన?" అంది టీచరు.

"మీ కథలు వినేవాళ్ళండీ. ఒక పళ్ళ డాక్టరు, కుర్చీలో నోరు తెరుచుకున్న పేషెంటు."

టీచరుగారు నడుం నిటారుగా పెట్టి, కళ్ళద్దాలు సర్దుకుని, పైకి చూసింది.

"ముందు ఆ నోరు మూసుకోమను," అంది. "కథ మొదలుపెడుతున్నాను."