ఆరబెట్టిన మాట

నా లెక్కలో సరుకు రెండే రకాలు. ఉదయం పదిలోపు అమ్ముడుపోయేది ఒకటి, పెంటకుప్పకు పోయేది ఇంకొకటి. ఆకుకూరల టోకు వ్యాపారికి ఇంతకు మించిన వేదాంతం అక్కర్లేదు. అందుకే ఆ రోజు కుళ్ళిన కొమ్మలు గోనెసంచీలో వేసుకుని నర్సరీకి వెళ్ళినప్పుడు న్యాయం నా పక్షానే ఉందనుకున్నాను.

కొత్త ఆసుపత్రి మెట్లకు ఇరువైపులా మూడు వందల కుండీల పూలమొక్కలు పెడతానని మాటిచ్చాను. ప్రారంభానికి ఇంకా ఐదు నెలలుంది. కూరల నుంచి పూలకు ఎదగడానికి నాకు దొరికిన మొదటి అవకాశం అదే. జెముడు జాతిలో ఏడాది పొడుగునా ఎర్రగా పూసే యుఫోర్బియాను ఎంచుకున్నాను. ఒళ్ళంతా ముళ్ళు కాబట్టి మేక ముట్టదు, మనిషి తుంచడు. నర్సరీ వాళ్ళమ్మాయి దగ్గర కొమ్మలు కొన్నాను. ఆమె ఏదో చెబుతుండగానే బండికెత్తించి, ఆ సాయంత్రమే మట్టిలో గుచ్చి, పూటకోసారి నీళ్ళు పోశాను. రెండు వారాల్లో అన్నీ మెత్తబడిపోయాయి.

సంచీ ఆమె ముందు కుమ్మరించి, పాత సరుకు అంటగట్టారన్నాను. ఆమె ఒక కొమ్మను వేళ్ళతో నొక్కి చూసి, ఎప్పుడు నాటారని అడిగింది.

"కొన్న రోజే. తాజాగా ఉండగానే."

"చంపింది ఆ తాజాతనమే," అంది నెమ్మదిగా.

కత్తెర తీసుకుని పక్కనున్న తల్లిమొక్క నుంచి ఒక కొమ్మ కోసింది. కోసినచోట తెల్లటి పాలు బొట్లుబొట్లుగా కారాయి. పాలు కారుతుండగా తడిమట్టిలో పెడితే ఆ గాయంలోంచే కుళ్ళు ఎక్కుతుందట. కడిగి, నీడన వారం రోజులు ఆరనిచ్చి, గాయానికి పొర కట్టాకే నాటాలట. ఆ రోజు చెప్పబోయింది ఇదేనట, అప్పటికే నా బండి వీధి మలుపు తిరిగిందట. ఇన్ని 'అట'ల మధ్య నా న్యాయం ఎటు పోయిందో కనబడలేదు.

మళ్ళీ కొమ్మలు కావాలన్నాను. వాళ్ళ నాన్న కళ్ళజోడు నుదుటి మీదికి తోసి నావంక చూశాడు. తల్లిమొక్కలకు ఇంకొక్క కోతే మిగిలిందనీ, అదీ పాడైతే ఈ ఏడాది ఆసుపత్రికి పూలూ ఉండవు, నర్సరీకి మొక్కలూ ఉండవనీ చెప్పాడు.

"ఇద్దాం నాన్నా," అంది ఆమె. "కానీ కొమ్మలు ఇక్కడే ఆరతాయి. ఈ తాజాగారు రోజూ వచ్చి చూడాలి. ముట్టుకోకూడదు."

ఆ పేరు జెముడు పాలలా అంటుకుంది. కడిగినా పోలేదు.

రోజూ మధ్యాహ్నం బేరం ముగించుకుని నర్సరీ రేకుల షెడ్డుకు వెళ్ళేవాణ్ణి. పాత పేపర్ల మీద మూడు వందల కొమ్మలు ఏ పనీ లేకుండా పడుకుని ఉండేవి. వాటిని చూస్తే చేయి దురద, ఆమెను చూస్తే నోరు దురద. నాలుగో రోజు వాన పట్టుకుంది. రేకుల మీద ఆ చప్పుడులో ఆగలేక, మనం పెళ్ళి చేసుకుందామా అన్నాను, కట్ట ధర చెప్పినంత తేలిగ్గా.

ఆమె నవ్వలేదు. కిందటేడు ఒక సంబంధం కుదిరి, పెళ్ళి పత్రికలు అచ్చయ్యాక అవతలివాళ్ళు వద్దనుకున్నారని చెప్పింది.

"మీరు మంచివారే," అంది కొమ్మల వైపు చూస్తూ. "కానీ ఇప్పుడే గుచ్చేయకండి."

"ఎన్నాళ్ళు?"

"చూశారా, మళ్ళీ."

జీవితంలో మొదటిసారి గడువు అడగకుండా బేరం వదిలి వచ్చాను.

ఎనిమిదో రోజు మా పెరట్లోని కుండీల్లో, ఇసుక కలిపిన మట్టిలో కొమ్మలు నాటాం. నీళ్ళు వారానికొకసారేనని ఆమె ఇంట్లో ఉండే మా అక్కకు ఫోన్ చేసి మరీ చెప్పింది. అక్క బక్కెట్టు దాచేసింది. ఆరో వారం మొదటి చిగురు కనబడింది. వెళ్ళి చెప్పాను. చిగురు సంగతి తప్ప ఇంకేమీ అనలేదు.

"ఇంకేమీ అడగరేం?" అంది.

"మాటిమాటికీ నొక్కి చూస్తే పాడవుతుంది కదండీ."

ఆమె తల వంచుకుని ఖాళీ కుండీ తుడిచింది. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

ప్రారంభం రోజు మెట్లు రెండు వైపులా ఎర్రగా మండిపోతున్నాయి. మూడు వందలకు ఒక్కటీ తగ్గలేదు. పెద్ద డాక్టరు మెట్టు మెట్టుకూ ఆగి చూసి, ప్రహరీ పొడుగునా ఇవే కావాలన్నాడు. నర్సరీ పెద్దాయన అందరి ముందూ నా భుజం తట్టాడు. ఆమె పై మెట్టు నుంచి దిగివచ్చి నా పక్కన నిలబడింది.

"తాజాగారూ, ఆ వానలో అడిగిన మాట ఇంకా ఉందా, పాడైపోయిందా?"

"ఆరబెట్టి ఉంచాను."

"అయితే నాటేద్దాం."

వెనక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. మాకు అభ్యంతరం లేదుగానీ, కుర్రాడు నీళ్ళు ఎక్కువ పోసే రకమన్నాడు.

"భయపడకండి బాబాయిగారూ," అంది మా అక్క. "బక్కెట్టు ఇంకా నా దగ్గరే ఉంది."