మలుపులో ఓబ్రాద్ రాయి

మొరావా నదికి దిగే దారి మలుపులో ఓబ్రాద్ రాయి ఉండేది. పొద్దుగూకాక దాని పక్కనుంచి మనిషన్నవాడు నడిచేవాడు కాడు. ఎద్దులు కూడా అక్కడ మొరాయించేవి. నవ్వేవాళ్లు నవ్వండి... ఒక్క రాత్రి నడిచి చూసి నవ్వండి.

దాని కింద శవం లేదు. మట్టి దక్కని మనిషి ఆత్మ తిరుగుతుందని భయం, అదీ అసలు గొడవ. పరాయి గడ్డ మీద పోయిన సైనికుడికి సొంతూరి దారి పక్కన రాయి నిలబెట్టడం మా సెర్బియావాళ్ల ఆనవాయితీ. అన్నిటి మీదా ఒకే బొమ్మ — టోపీ, మీసం, తుపాకీ.

ఈ రాయి పెట్టించింది వుకోసావ్. అతనూ ఓబ్రాదూ గుడిలో సిలువ ముద్దుపెట్టుకుని ఒట్టేసుకున్న అన్నదమ్ములు. అలాంటివాళ్లలో ఒకడు ఆపదలో "అన్నా" అని పిలిస్తే రెండోవాడు నిప్పుల్లోకైనా వెళ్లాలి. బల్గేరియావాళ్లతో యుద్ధంలో కైమక్చలాన్ కొండ మీద ఇద్దరూ ఒకే కందకంలో, ఒకే దుప్పటి కింద పడుకున్నారు. ఓబ్రాద్ గుండు తగిలి అక్కడికక్కడే తన ఒళ్లో పోయాడని వుకోసావ్ ఊరికొచ్చి చెప్పాడు. ఓబ్రాద్ తల్లి స్తానా ఆ మాట నమ్మింది. అతన్నే కొడుకని పిలుచుకుంది, పండగ బంతిలో పెద్దపీట వేసింది.

అయినా వుకోసావ్ ఆ మలుపు తొక్కేవాడు కాడు. ఏరు దాటి చుట్టూ తిరిగొచ్చేవాడు. ఎందుకని ముఖం మీద అడిగే దమ్ము ఊళ్లో ఎవడికీ లేకపోయింది.

ఒక రాత్రి మర నుంచి పిండిమూటతో వస్తుంటే ఏరు పొంగింది. ఇక వేరే దారి లేదు...

మలుపు తిరిగాడు.

రాయి ముందు చిన్న వెలుగు. మైనపువత్తి. దాని పక్కన ఒక ఆకారం — అదే టోపీ, అదే మీసం. రాయిలోంచి దిగొచ్చి నిలబడినట్టు.

ఆకారం తల తిప్పింది.

"అన్నా..."

మూట జారి బురదలో పడింది. వుకోసావ్ మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"విన్నానురా," అన్నాడు. "ముళ్లకంచెలో పడి తెల్లవార్లూ పిలిచావు. విన్నాను. పలికితే రావాలి కదా... వస్తే చస్తాను కదా. నోట్లో దుప్పటి కుక్కుకుని పడుకున్నాను. నన్ను వదిలెయ్ రా."

ఆకారం వంగి అతని మెడ మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యి... వెచ్చగా ఉంది.

"తెల్లారాక బల్గేరియావాళ్లు నన్ను మోసుకుపోయారు," అన్నాడు ఓబ్రాద్. "ఇన్నాళ్లూ వాళ్ల గనుల్లో రాళ్లు మోశాను. నువ్వు పలకలేదంటే నాకంటే ముందే పోయావనుకున్నాను. నాకు చదువు రాదు కదా, ఈ రాయి నీదే అనుకున్నాను. వత్తి నీకోసమే వెలిగించాను."

వుకోసావ్ అతని కాళ్లు పట్టుకున్నాడు. అమ్మకి చెప్పొద్దని గొణిగాడు.

ఓబ్రాద్ వత్తిని వేళ్లతో నలిపేశాడు. కాళ్లు విడిపించుకున్నాడు.

దెయ్యమైతే కోడి కూసేసరికి పోయేది. ఓబ్రాద్ ఊరివైపు నడిచాడు.