డాక్టరమ్మ కోటు జేబు

"నాన్న సిగరెట్లు మానేదాకా నా బిడ్డని ఈ గడప దాటించను" అని కూతురు తెగేసి చెప్పి వెళ్లిన రోజు నుంచి ఆ తల్లికి ముద్ద దిగడం లేదు... ఊరందరి చేతా పొగ మాన్పించే ఆరోగ్య కార్యకర్త ఆవిడ. ఇంటింటికీ తిరిగి గొంతు బొంగురుపోయేలా చెబుతుంది. తీరా సొంత మొగుడే కుట్టుమిషను ముందు కూర్చుని గుప్పుగుప్పున పొగ వదులుతుంటే, పాపం ఎవరితో చెప్పుకుంటుంది!

చివరికి ఆ టైలరు మిషను మీద ఒట్టేసి, మానేశానన్నాడు. ఆ పిచ్చితల్లి నమ్మింది. నమ్మి ఊరుకుందా? వీధి సభలో అందరికీ ఆదర్శమంటూ ఆయన్ని ముందు వరుసలో కూర్చోబెట్టింది. సభ కాగానే బిడ్డను తాత చేతుల్లో పెడతానని కూతురూ వచ్చింది.

సభకి పిలిచిన ఊరి డాక్టరమ్మ మాట్లాడ్డానికి లేచింది. ఆ ఉదయమే టైలరు కుట్టిచ్చిన కొత్త తెల్లకోటు వేసుకుంది. కళ్లజోడు కోసం జేబులో చెయ్యి పెడితే, దానితో పాటు సగం కాల్చి ఆర్పిన సిగరెట్టు బయటికొచ్చింది!

సభంతా గొల్లున నవ్వింది. "మీరు కూడానా డాక్టరమ్మా?" అన్నాడు సైకిల్ షాపాయన. డాక్టరమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

టైలరు భార్యకి విషయం అర్థమైపోయింది. తన అడుగుల చప్పుడు వినగానే మిషను మీదున్న బట్టలో సిగరెట్టు కుక్కేయడం ఆయనకి పాత అలవాటు. ఇప్పుడు ఆయన నోరు మెదపకపోతే మనవడు ఒళ్లోకొస్తాడు, పోయేది డాక్టరమ్మ పరువే... ఆయన పిల్లాడి వంకే చూస్తూ లేచాడు.

"అది నాదండీ. మా ఆవిడ వస్తోందని, కుడుతున్న మీ కోటు జేబులో దాచాను, తియ్యడం మర్చిపోయాను. మానేశానన్నది అబద్ధం. నా వల్ల కావట్లేదు."

ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఏవండీ, ఊళ్లో అందరికీ ఓపిగ్గా చెప్పాను. ఇంట్లో మిమ్మల్ని తిట్టడమే చేశాను. పదండి, మందులిప్పిస్తాను, నేనూ తోడొస్తాను."

"నన్నూ చేర్చుకో వదినా" అంటూ సైకిల్ షాపాయన లేచాడు. ఆయన ఎప్పుడో మానేశానని చెప్పుకు తిరుగుతున్నవాడే. ఆయన వెనకే మరికొందరు తలలు దించుకుని లేచారు.

కూతురు మాత్రం బిడ్డను ఇవ్వలేదు. "నిజంగా మానాకే, నాన్నా" అని కళ్లు తుడుచుకుంది.

నెలలు పట్టింది. ఆయన మధ్యలో రెండుసార్లు జారాడు, ఈసారి దాచకుండా చెప్పాడు. ఓ రోజు కూతురు తనే గడప దాటి వచ్చి బిడ్డను తాత ఒళ్లో పెట్టింది. వాడు కుదురుగా ఉన్నాడా? నేరుగా తాత జేబులో చెయ్యి దూర్చాడు. అమ్మమ్మకి ఊపిరి ఆగినంత పనైంది.

కొలతల టేపు బయటికొచ్చింది. తాత నవ్వుతూ దాంతో మనవణ్ణి కొలిచాడు, మొదటి చొక్కాకి.