ఆకుకాపరి నేర్చుకున్న భయం

రెండువేల ఎనభై ఒకటిలో కదిరి చుట్టుపక్కల బడులు పొద్దున ఆరింటికి తెరిచి పదింటికే మూసేవారు. ఆ తరువాత ముదిరే ఎండ దూరపు నగరాల పొగను ఓజోనుగా మార్చేది, గాలి దాన్ని మోసుకొచ్చేది. మనుషులు తలుపులు వేసుకునేవారు. వేరుశనగకు ఆకుకాపరి ఉండేది.

అది చేనిగట్టున నాటిన కంబం. ఓజోను ఆకులోకి దూరగానే రంధ్రాల పక్కనున్న రక్షక కణాల్లో కాల్షియం అలలా లేస్తుంది. ఆ అలను పసిగట్టి కంబం చేనంతా పచ్చకాంతి చల్లి పత్రరంధ్రాలను మూయిస్తుంది. రైతు మీట నొక్కినా అంతే. ఏం జరిగినప్పుడు నొక్కాడో గుర్తుపెట్టుకుని, అదే మళ్ళీ జరిగితే తానే మూస్తుంది. దాన్ని తయారుచేసిన వాళ్ళలో ఈశ్వరి ఒకతె.

హొన్నూరమ్మ చేను పాలిపోయిందని కబురొస్తే ఆమె వెళ్ళింది. పూత వచ్చి ఇరవై రోజులైనా, కొసన కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగలేదు.

"ఇంగో వారం చూసి దున్నేస్తా పాపా," అంది హొన్నూరమ్మ.

ఈశ్వరి కంబాన్ని అడిగింది. "నిన్న ఎన్నిసార్లు మూశావు?"

"పదకొండు సార్లు."

"ఓజోను ఎన్నిసార్లు వచ్చింది?"

"ఒకసారి. మిగతా పదిసార్లు పక్కనున్న ఓబులేసు చేలో కాంతి వెలిగింది. అది కనబడితే హొన్నూరమ్మ మీట నొక్కుతుంది. నేర్చుకున్నాను."

"పోయినేడు ఆకంతా మచ్చలు పడి మాడిపాయ. వాడు ఎలిగిచ్చినంక నేను చేతులు కట్టుకోని కూచుంటానా?" అంది హొన్నూరమ్మ.

"మరి ఓబులేసు దేన్ని చూసి వెలిగిస్తాడు?"

గట్టవతల నుంచి ఓబులేసే అందుకున్నాడు. "హొన్నూరక్కను చూసి మేడమ్. ఆయమ్మ ముందు ఎలిగిస్తే నాకు అన్నం దిగదు."

ఈశ్వరికి నవ్వు వచ్చింది, గుబులూ వేసింది. రంధ్రాలు మూసుకున్న ఆకుకు, ఆహారం వండుకునే బొగ్గుపులుసు వాయువు అందదు. చేను విషంతో కాదు, ఆకలితో పాలిపోతోంది.

"ఇది నేర్చుకున్నదంతా చెరిపేస్తాను."

"చెరిపితే? రేపు మళ్ళా నొక్కేది నేనే కదా."

ఈశ్వరి చెరపడం మానుకుంది. మర్నాటి నుంచి రోజూ ఆరింటికే వచ్చి, ఎండ దిగేదాకా ముగ్గురూ ముక్కుకు వడపోత కట్టుకుని, మీట నొక్కకుండా ఆకులనే చూస్తూ సాళ్ళ మధ్య కూర్చున్నారు. మూడోనాడు నిజంగానే ఓజోను వచ్చింది. కంబం సమయానికే మూసింది, అయినా కొన్ని ఆకులపై గోధుమరంగు చుక్కలు తేలాయి. హొన్నూరమ్మ చేయి మీట మీదికి పోయింది.

"అక్కడి కణాలు తామే చచ్చి, దెబ్బ పాకకుండా ఆపుతున్నాయి పెద్దమ్మా. తనను కాచుకోవడం ఆకుకూ తెలుసు."

చేయి చాలాసేపు అక్కడే ఉండి, ఒళ్ళోకి దిగింది.

పన్నెండోనాటికి ఊడలు మట్టిలోకి దిగాయి. ఊరివాళ్ళొచ్చి ఆ కంబం జ్ఞాపకాన్ని తమ కంబాలకు ఎక్కించమన్నారు. ఎక్కించడానికి ఈశ్వరి సంచిలోంచి తీగ బయటికి తీసింది.

"వద్దు పాపా," అంది హొన్నూరమ్మ. "దానికి నేర్పొచ్చు, మీట మాత్రం వీళ్ళ చేతిలోదే కదా. రేప్పొద్దున వచ్చి నా పక్కన కూచోమను. ఎవరి చాప వాళ్ళే తెచ్చుకోవాల."