వెనక కుంగిన కూపే

ఢాం!

పక్క అద్దం ముక్కలైంది.

"దేవుడా... వెనక మాత్రం తగలకూడదు!"

వెర్నా స్టీరింగ్ ఎడమకి లాగింది. రెండు తలుపుల ఆ కూపే కారు రోడ్డు దిగి, ఎండిపోయిన సరస్సు మీదకి దూకింది. మిట్టమధ్యాహ్నం. కనుచూపు మేర తెల్లటి నేల, ఎండ, దుమ్ము!

వెనకే నల్ల సెడాన్. అందులో హాడిక్స్. కిటికీలోంచి బయటికి వచ్చిన చేతిలో పిస్తోలు!

ఈ కూపే మీద ఒక చావు ఉంది.

పందొమ్మిది వందల ముప్పైరెండు మోడల్ బండి. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చాక అన్న లైల్ దీని పైకప్పు కోసి కిందకి దించాడు. బానెట్ పీకేసి పెద్ద ఇంజన్ ఎక్కించాడు. నిరుడు ఇదే సరస్సు మీద, కారుకి కారు పందెం. హాడిక్స్ ఓడాడు. ఆడిన మాట ప్రకారం తన కారు కాగితాలు అందరి ముందూ లైల్ చేతిలో పెట్టాడు.

వారం తిరక్కుండా కొండ దారిలో లైల్‌కి బ్రేకులు పడలేదు. మనిషి పోయాడు. కూపే నుజ్జయింది.

ఎనిమిది నెలలు! ఆ ఇనప ముద్దని వెర్నా ఒక్కతే మళ్ళీ కారు చేసింది. "ఆడదానివి, నీకెందుకమ్మా ఈ గ్రీజు?" అని ఊరంతా నవ్వారు. నవ్వనీ!

విడదీస్తుంటే దొరికింది... బ్రేకు పైపు. దాని మీద రంపం గాటు!

"పైపొక్కటే చాలదు వెర్నా. కోసింది తనేనని వాడి నోటితో వాడే చెప్పాలి" అన్నాడు ఊరి పోలీసు డిప్యూటీ స్టామ్. గుమ్మం నిండా ఉండే మనిషి ఆయన.

అందుకే ఇవాళ, పాత బళ్ళకి పెద్ద ఇంజన్లెక్కించి పందేలాడే హాట్‌రాడ్ వాళ్ళంతా చేరే బర్గర్ కొట్టు ముందు, హాడిక్స్ వినేలా అరిచింది వెర్నా. "పైపు నా బండిలోనే ఉంది. లాస్ ఏంజెలస్ తీసుకెళ్ళి పోలీసులకి చూపిస్తా!"

వాడు వెంటపడ్డాడు.

ఢాం!

గుండు చెవి పక్కనుంచి పోయింది. సెడాన్ పక్కకొచ్చి... ముందుకొచ్చి... అడ్డం తిరిగింది!

వెర్నా బ్రేకు తొక్కింది. పట్టింది. తను వేసిన బ్రేకు!

"ఇంకొంచెం ఓర్చుకో... అయిపోవచ్చింది" అని గొణిగి కిందకి దిగింది.

హాడిక్స్ పిస్తోలుతో వచ్చాడు. ఎంతైనా హాట్‌రాడ్ వాడు కదా, ముందు వాడి కళ్ళు కారు మీదే పడ్డాయి.

"చూడు దాని నడ్డి! నేలకి రాసుకుంటోంది. స్ప్రింగులు బిగించడం కూడా రాదా పిల్లా? మీ అన్న చూస్తే ఏడ్చేవాడు."

"నా పని సంగతి సరే. దీని సంగతి చూడు."

పైపు వాడి కాళ్ళ దగ్గర పడింది.

"ఎలక కొరికినట్టుంది కోత. ఎవడో చేతకాని వెధవ పని. నువ్వు కాదులే... నీకంత ధైర్యమెక్కడిది!"

"ఏమన్నావ్?"

"చేతకాని వెధవ అన్నా."

హాడిక్స్ మొహం ఎర్రగా కందిపోయింది.

"ఎలకా? ఒసేయ్! మొత్తం కోసేస్తే మీ వాకిట్లోనే తెలిసిపోయేది. అందుకే వెంట్రుకంత మిగిల్చి కోశా! గట్టిగా తొక్కితేనే తెగాలి... సరిగ్గా కొండ మలుపులోనే తెగింది! నాలా కోసే మొనగాడు ఈ చుట్టుపక్కల ఉన్నాడా?"

వెర్నా కళ్ళు నిండాయి. తల మాత్రం దించలేదు.

"లేడు. ఆ మాట చాలు."

పిస్తోలు ఆమె ఛాతీకి గురిపెట్టాడు.

"ఎవరికి చాలు? వినడానికి ఇక్కడ ఎవడున్నాడే?"

టక్!

డిక్కీ మూత లేచింది.

ఢాం!

పిస్తోలు ఎగిరి దూరంగా పడింది. హాడిక్స్ చెయ్యి పట్టుకుని కూలిపోయాడు!

డిక్కీలోంచి ఒక కాలు బయటికొచ్చింది. రెండోది. తర్వాత చెమటలో తడిసిన డిప్యూటీ స్టామ్, చేతిలో తుపాకీ.

"ప్రతి ముక్కా విన్నానురా. నా నడుం విరిగిపోయింది కానీ... అన్నీ విన్నాను!"

ఆయన దిగగానే కూపే వెనక భాగం మెల్లగా పైకి లేచి, నేలకి సమంగా నిలబడింది.

"స్ప్రింగులు చూశావురా హాడిక్స్?" అంది వెర్నా. "నేనే బిగించా!"