సూది నెత్తిన రూపాయి బిళ్ల

అడిక్‌మెట్ నుంచి తార్నాకకు యూనివర్సిటీ క్యాంపస్‌లకెళ్లి అడ్డదారిన పోతుంటే పాత స్టోర్ రూమ్ ఒకటి తగుల్తది. చీకటి పడితే ఆ దిక్కు ఎవ్వడూ పోడు. లోపల ఆడమనిషి పాడుతదని పేరు...

దెయ్యం లేదు, గియ్యం లేదు! పాడేది రికార్డు. ఆ రూమ్ వాచ్‌మన్ ఇన్నయ్య భార్య అమృతమ్మ పోయి రెండేండ్లయింది. ఎన్నడో జానపద పాటలు రాసుకునే సారొకాయన ఆమెతో నాట్ల పాట పాడించి, ఒకే ఒక్క రికార్డు చేయించి ఇచ్చిండు. పాట మొదలుపెట్టే ముందు ఆమె, "నవత నాయినా, ఇంటున్నవా?" అంటది. నవత వాళ్ల బిడ్డ. రోజూ రాత్రి డ్యూటీల ఆ రికార్డు పెట్టుకొని ఇన్నయ్య "ఇంటున్ననే" అని జవాబిస్తడు.

ఇదంతా నాకు చెప్పింది దయాకర్. తార్నాకల రికార్డ్ ప్లేయర్లు రిపేర్ చేస్తడు. పనిమంతుడే, గని ఉత్త బద్ధకం మనిషి.

సూది అరిగిందని ఇన్నయ్య పిలిచిండు. ఆ మెత్తటి రికార్డుకు సన్న సూది గావాలె, బరువు రెండు గ్రాములు దాటొద్దు. దయాకర్‌కు ఎరుకే! గని బరువు చూసే చిన్న కాటా షాపుల మర్చి, చేతికి దొరికిన మొద్దు సూది బిగించిండు. అది పాట మధ్యల ఎగురుతుంటే — జేబులకెళ్లి రూపాయి బిళ్ల తీసి సూది నెత్తిన పెట్టిండు.

"ఇగ ఎగరదు తాతా."

"రికార్డు ఖరాబైతదేమో బిడ్డా... ముందుగాల ఫోన్‌ల ఎక్కియ్యరాదు?"

"ఏం గాదు. వచ్చే వారం ఎక్కిస్తా తియ్యి."

వారానికి, పాట ఖరాబైందని ఇన్నయ్యే ఫోన్ చేసిండు. దయాకర్ పొయ్యేసరికి రాత్రి తొమ్మిదైంది. బయట నిలబడి వింటే — అమృతమ్మ గొంతు ఖణీమంటున్నది. ముసలోడు ఉత్తగనే బెదరగొట్టిండని తిట్టుకుంట తలుపు తీసిండు.

లోపల ఇన్నయ్య స్పీకర్‌కు చెవి ఆనిచ్చి కూసున్నడు. రికార్డు మీద తెల్లగ గీతలు, సూది చుట్టు నల్లటి పొట్టు. స్పీకర్ల ఉత్త గరగర...

"పోయింది బిడ్డా. మూడు దినాలాయె, అమృత ఇనపడ్తలేదు."

దయాకర్ స్విచ్ బంద్ చేసిండు. రికార్డు ఆగింది. గరగర ఆగింది.

పాట ఆగలే.

ఇప్పుడు ఇన్నయ్య దినాం షాపుకొచ్చి, "ఇంకో సూది పెట్టి సూడు బిడ్డా, ఒక్కపారి," అని బతిమాలుతడు. దయాకర్ మొగం తిప్పుకుంటడు.

నాకు ఒళ్లు మండింది. "అరే, ఆమె గొంతు నీకు ఇనపడ్తదని ఆయనకు చెప్పరాదుర?"

"చెప్తే... ఏం పాడ్తున్నదని అడుగుతడన్నా."

"ఏం పాడ్తున్నది?"

వాడు గుసగుసగ అన్నడు — "ఇప్పుడు పాడ్తలేదు. ఆయన పక్కకే నిలబడి... 'నవత నాయినా, ఇంటున్నవా? ఇంటున్నవా?' అని ఏడుస్తున్నది."