సాల్కిన్ అవ్వ భుజం

గురువారాలు సిర్గాక్‌కి సెలవు. బిష్కెక్ బజారులో సెల్‌ఫోన్ తొడుగులు అమ్మే కొట్లో ఆ రోజు అతని బదులు ఇంకొకడు కూర్చుంటాడు. సిర్గాక్ మధ్యాహ్నం భోజనం కాగానే తిన్న పళ్లెం ఉన్నచోటే వదిలేసి, నాలుగో అంతస్తులోని తన గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని గురువైపోతాడు.

ఆ గురుపీఠం అతనికెవరూ ఇవ్వలేదు. సరదాకి కంప్యూటర్ మీద, ఫోన్ల మీద బొమ్మలు వేసుకునే నాలుగు వందల మంది కలిసి పెట్టుకున్న గ్రూపు అది. అందులో ఒక ఆచారం ఉంది. బొమ్మ వేసినవాళ్లు దాన్ని పొరలు విడివిడిగా ఉన్న అసలు ఫైలుతో సహా ఉమ్మడి ఫోల్డరులో పెడతారు. చేయి తిరిగినవాళ్లు దానిమీద ఇంకో పొర పరిచి, తప్పులున్నచోట ఎర్ర గీతలు గీసి చూపిస్తారు. ఆ పొర తీసేస్తే కింద బొమ్మ చెక్కుచెదరకుండా ఉంటుంది. మంచి ఆచారమే. ఎర్ర కలం ఎవరి చేతిలో పడిందన్నదే అసలు సంగతి.

సిర్గాక్ చేతిలో పడింది. మగపిల్లల బొమ్మలకి, "బాగుంది తమ్ముడూ, వెలుతురు కాస్త చూసుకో" అని రాసేవాడు. ఆడపిల్లల బొమ్మలకి, "ఇవి చేతులా, ముల్లంగి దుంపలా?" అని రాసేవాడు. దాన్ని నిజాయితీ అనేవాడు. అందరూ అతన్ని ఉస్తాద్ అని పిలిచేవాళ్లు. మొదట ఎవరో వెటకారానికే అన్నారు. అతనికి ఆ తేడా తెలియలేదు.

తను మాత్రం ఏళ్ల తరబడి ఒకటే బొమ్మ వేస్తున్నాడు. మంచుకొండ మీద కత్తి పట్టుకున్న రాణి. ఆమె నడుము పిడికెడు. అంత నడుములో పేగులు ఎలా పడతాయో, ముక్కు గడ్డకట్టే చలిలో ఆమెకి ఒంటి నిండా బట్టలు ఎందుకు దొరకవో అడిగినవాళ్లు లేరు. రాణి మీద ఎర్ర గీత గీసే ధైర్యం ఎవరికీ లేదు.

మూడు వారాల కిందట ఐజిరెక్ అనే అమ్మాయి ఒక ముసలావిడ బొమ్మ పెట్టింది. నరీన్ వైపు పల్లె నుంచి వచ్చి పట్నంలో కుట్టుమిషన్ల షెడ్డులో పనిచేస్తుంది. బస్సులో పోతూ వస్తూ ఫోను మీద వేలితోనే వేస్తుంది. ఫోనులో చోటు చాలక, ఫైళ్లు ఉమ్మడి ఫోల్డరులోనే ఉంచుకునేది. ఆ ముసలావిడ ఆమె అవ్వ, సాల్కిన్. పోయి ఏడాది కావస్తోంది. ఫోటో అంటే మొహం తిప్పేసుకునే మనిషి. పెద్దయ్యాక తీసిన ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు.

సిర్గాక్ ఎర్ర కలం తీశాడు. "కుడి భుజం నాలుగు వేళ్లు కిందికి జారింది. ఒంటి కొలతలు రానివాళ్లు ముందు యాపిల్ పళ్లు వేసుకోవాలి."

"అన్నా, అవ్వ భుజం నిజంగానే అలా ఉండేది," అని ఐజిరెక్ రాసింది. "పశువుల ఫారంలో ముప్పై ఏళ్లు ఆ చేత్తోనే పాల క్యాన్లు మోసింది."

"శరీరశాస్త్రానికి మీ అవ్వ తెలియదు చెల్లీ."

తిలెక్ అనేవాడు వెంటనే అందుకున్నాడు. ఉస్తాద్ ఏమన్నా మొదట నవ్వేది వాడే. "అవ్వని ఉస్తాద్ దగ్గరికి పంపు. సర్వీసింగ్ చేసి పంపుతాడు." దాని కింద నూటపన్నెండు నవ్వు మొహాలు.

సిర్గాక్‌కి అక్కడితో తనివి తీరలేదు. భుజాన్ని చెరిపి, నిటారుగా తనే మళ్లీ వేశాడు. పనిలో పనిగా ముడతలు కూడా కొన్ని తీసేశాడు. ఆడమనిషికి ముడతలుండటం అతని లెక్కలో కొలత తప్పడమే. 'ముందు', 'తర్వాత' అని రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి గ్రూపుకి పాఠం చెప్పాడు. ఆ ఊపులో పొరలన్నిటినీ కలిపేసి, అసలు ఫైలు మీదే భద్రం చేశాడు. పాఠానికి పెట్టిన 'ముందు' బొమ్మ గోరంత. అసలు అవ్వ పోయింది. ఆ సంగతి అతను అప్పుడే చూసుకున్నాడు. ఫోల్డరు మూసేశాడు. ఎవరికీ చెప్పలేదు.

ఈ గురువారం నాలుగు గంటలకి ఫోను మోగింది.

"అన్నా, నేను ఐజిరెక్‌ని. శనివారం అవ్వ ఏడాది విందు. ఊరంతా వస్తారు. బొమ్మ పెద్దదిగా అచ్చు వేయించి పెట్టాలి. ఫోల్డరులో అసలుది కనపడటం లేదు. మీ దగ్గరేమైనా..."

"నేను దిద్దింది ఉందిగా. అదే వేయించు."

"అది అవ్వ కాదన్నా. మా అత్తలు చూసి, ఈవిడెవరే అన్నారు."

"మీ అత్తలకేం తెలుసు?"

అవతల కుట్టుమిషన్ల చప్పుడు. దాని మధ్యలోంచి ఆమె మెల్లగా అంది. "పొరపాటున పోయుంటే పోయిందని చెప్పేయండన్నా. నేనేమీ అనను. ఈ రెండు రాత్రులూ కూర్చుని మళ్లీ వేసుకుంటాను. ఉందంటే మాత్రం ఎదురుచూస్తూ కూర్చుంటాను. అందుకే అడుగుతున్నా."

పోయింది. ఆ ఒక్క మాట చాలు. నలుగురికీ వినపడేది కూడా కాదు, ఒక్క పిల్లకి. కానీ ఉస్తాద్ నాలుక ఆ మాటకి తిరగదు.

"నువ్వే ఎక్కడో చెరిపేసుకుని ఉంటావ్. సరిగ్గా వెతుక్కో," అని ఫోను పెట్టేశాడు.

తల్లి బురుల్ తలకి గుడ్డ కట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "కింద జుమాగుల్ వాళ్లింట్లో నూనె కాగబెడుతున్నార్రా. వెళ్లొస్తా."

"ప్రతి గురువారం ఈ గోలేంటమ్మా?"

"మనింట్లో మాన్పించావు కదా, ఇంకేం? పోయినవాళ్లకి ఆ వాసనే కదరా అన్నం. బోర్సోక్ పిండిముక్కలు నాలుగు వేయించి తలుచుకుంటే నీదేం పోయింది?"

"నా బట్టలు కంపు కొడతాయి. తలుపు వేసి వెళ్లు."

ఆమె అతని ఎంగిలి పళ్లెం తీసి వంటింట్లో పెట్టి, తలుపు వేసి వెళ్లింది.

డిసెంబరు పొద్దు. బొగ్గు పొగ ఊరి మీద మూతలా కూర్చుని ఉంది. కిటికీ అవతల ఎదురు భవనం మొదట బూడిదరంగైంది, తర్వాత లేకుండా పోయింది. కరెంటు తగ్గి దీపం ఎర్రగా గుడ్లు తేలేసింది. సిర్గాక్ రాణి బొమ్మ తెరిచి ఆమె నడుముని ఇంకో వెంట్రుకవాసి తగ్గిస్తున్నాడు.

నూనె వాసన వచ్చింది.

కింద నుంచే అనుకున్నాడు. కిటికీ మూసే ఉంది. వాసన చిక్కబడింది. నూనె వెనకాల ఇంకేదో... పచ్చిపాలు. తడిసిన గడ్డి. పశువుల కొట్టంలో పొద్దున్నే ఉండే వెచ్చటి వాసన.

మెట్ల మీద చప్పుడు. ఇనప పిడి కిర్రుమంది. ఒక అడుగు... ఇంకో అడుగు. బరువైనదేదో నేల మీద దింపిన శబ్దం. ఒక నిట్టూర్పు. మళ్లీ పిడి కిర్రు.

ప్రతి అంతస్తు దగ్గరా ఆగి, దింపి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎత్తుకుని ఎవరో పైకొస్తున్నారు. మొదటిది. రెండోది. మూడోది.

నాలుగోది.

తలుపు తట్టలేదు. తలుపు తెరుచుకున్న చప్పుడూ లేదు.

తెర మీద చిన్న ఎర్ర గీత కదిలింది.

సిర్గాక్ బొమ్మలు గీసే టాబ్లెట్ మీంచి కలం ఎత్తాడు. గీత ఆగలేదు. ఎన్నడూ కలం పట్టని చేయి గీసినట్టు వణుకుతూ, తొందర లేకుండా, రాణి నడుము చుట్టూ తిరిగింది. పిడికెడు నడుముని కొట్టేసి, పక్కన మామూలు నడుము గీసింది. అన్నం తినే మనిషి నడుము. తర్వాత పైకి పాకింది. కుడి భుజం దగ్గర ఆగింది. నాలుగు వేళ్లు కిందికి... దించింది.

అతను టాబ్లెట్ తీగ పీకేశాడు. గీత సాగుతూనే ఉంది.

రాణి బొమ్మ దానంతటదే మూసుకుపోయింది. అవ్వ బొమ్మ తెరుచుకుంది. అతను దిద్దింది. నిటారు భుజాలతో, నున్నటి చెంపలతో, ఎవరికీ ఏమీ కాని ఒక ముసలావిడ తెర మీంచి చూస్తోంది. ఆమె భుజం చుట్టూ ఎర్ర సున్నా పడింది.

కుర్చీ వెనక ఊపిరి. పాల వాసన అతని చెవి మీదుగా తగిలింది.

"ఎక్కడ పెట్టావు నాయనా?"

అతను తల తిప్పలేదు. తిప్పలేకపోయాడు.

"నా భుజం..."

ఆ గొంతులో కోపం లేదు. పోగొట్టుకున్న చెంచా గురించి అడిగినట్టు అడిగింది. అప్పుడైనా చెప్పొచ్చు. పోయింది, నా చేతుల్లోనే పోయింది అనొచ్చు. సిర్గాక్ పెదవులు తడుపుకున్నాడు. అంత భయంలోనూ అతనికి దొరికిన మాట ఇదీ.

"నాకు... తెలియదు. ఆ పిల్లే... చెరిపేసింది."

దీపం ఒక్కసారి ఊగింది.

"అలాగా," అంది గొంతు. "అయితే ఇది పట్టుకో."

గరుకు అరచేయి ఒకటి అతని కుడిచేతి వేళ్లని ఒక్కొక్కటిగా విప్పింది. కలం జారి పడింది. వేళ్ల మధ్యకి చల్లటి ఇనప పిడి వచ్చింది. చూస్తే చేతిలో ఏమీ లేదు. బరువు మాత్రం దిగింది. కొంచెం... ఇంకొంచెం... ముప్పై ఏళ్ల బరువు. భుజంలో ఏదో మెల్లగా, నొప్పి లేకుండా, కిందికి జరిగింది.

దీపం మళ్లీ తెల్లగా వెలిగింది.

బురుల్ వేడి బోర్సోక్ మూట పట్టుకుని లోపలికొచ్చింది. గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చింది. "నన్ను కంపన్నావు. ఇంట్లో ఏం వేయించావురా?" తర్వాత అతన్ని చూసింది. "అదేంటి, అలా ఒరిగిపోయావు? సరిగ్గా కూర్చో."

అతను సరిగ్గానే కూర్చున్నాడు. కుడిచేయి ఎత్తబోయాడు. లేవలేదు. కుర్చీ పక్కన చెక్కనేల మీద గుండ్రటి తడి మచ్చ ఒకటి ఉంది, ఏదో పాత్ర అడుగు ఆనినట్టు. బురుల్ కాళ్లు తుడుచుకునే గుడ్డతో తుడిచి, "పాలు ఎప్పుడు తెచ్చావ్?" అంది.

ఫోను మూలిగింది. ఐజిరెక్ సందేశం.

"అన్నా, ఇందాక ఊరికే మిమ్మల్ని అనుమానించాను. ఏమీ అనుకోకండి. ఫోల్డరులో ఫైలు మళ్లీ కనపడింది. అవ్వ భుజం అచ్చం అలాగే ఉంది. ముడతలు కూడా. చూసి ఏడ్చేశాను. అచ్చుకి పంపేశాను."

సిర్గాక్ ఎడమచేత్తో ఫోను పట్టుకుని చూస్తూనే ఉన్నాడు. కిందనే ఇంకో మాట వచ్చింది.

"కానీ పైన ఎర్ర పొర ఒకటి ఉందన్నా. అవ్వ మీద కాదు. ఎవరో కుర్చీలో కూర్చుని ఉంటే వెనక నుంచి వేసినట్టుంది. మీరేనా అది? భుజం దిద్దడం అయిపోయింది. ఇప్పుడు మెడ చుట్టూ సున్నా చుట్టి ఉంది. చూస్తుండగానే గీత కదులుతోంది. మీరే వేస్తున్నారా?"